ఎల్క్ వేటకు ప్రీమియం బుల్లెట్లు తప్పనిసరా? వేగం, కోణం చూసి ఎంచుకునే పద్ధతి

అమెరికాలోని కొలరాడోలోనో మోంటానాలోనో, జింక జాతికి చెందిన భారీ జంతువైన ఎల్క్ వేటకు తొలిసారి సిద్ధమవుతున్నవారికి మొదటి చిక్కు తుపాకుల దుకాణంలో తూటాల అర దగ్గరే ఎదురవుతుంది. ఒకే రైఫిల్‌కు సరిపోయే ఇరవై తూటాల పెట్టెలు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని ధర ముప్పై, నలభై డాలర్లయితే, ‘ప్రీమియం’ అని రాసి ఉన్న రెండోదాని ధర ఇంచుమించు దానికి రెట్టింపు ఉంటుంది. అంత పెద్ద జంతువుకు చవక తూటా చాలదేమోనన్న భయంతో కొందరు రెండోది కొంటారు. ఎన్నో తరాలుగా మామూలు సీసపు బుల్లెట్లకే ఎల్క్‌లు పడుతున్నాయి కదా అన్న ధీమాతో మరికొందరు మొదటిది కొంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ప్రీమియం బుల్లెట్ ప్రతి వేటగాడికీ తప్పనిసరి కాదన్నది నా నిశ్చితాభిప్రాయం. అయితే కొన్ని తుపాకులతో, కొన్ని దూరాల్లో, కొన్ని కోణాల్లో అది లేకుండా కాల్చడం జంతువుకు చేసే అన్యాయమేనని కూడా అంతే గట్టిగా నమ్ముతాను. బుల్లెట్ జంతువును తాకే క్షణంలో దాని వేగం ఎంత ఉంటుంది, అది ఎంత కండనూ ఎముకనూ దాటవలసి ఉంటుంది అన్న రెండు లెక్కలు తేలితే మీకు ఏ పెట్టె కావాలో దానంతట అదే తేలిపోతుంది.

ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి గుల్ల, మందు, బుల్లెట్ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే గొట్టంలోంచి బయటికి దూసుకుపోయే ముక్క మాత్రమే. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. పదిహేను గ్రెయిన్లకు కాస్త పైన ఒక గ్రాము అవుతుంది.

ముందుగా చట్టం

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో ఉంటూ, అక్కడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సుతో, కేటాయించిన కాలంలో వేటాడే తెలుగువారిని ఉద్దేశించినదే. మనవారు తరచుగా పట్టించుకోని విషయం ఒకటుంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. మిత్రుడి రైఫిల్‌ను ఒక పూటకు అరువు తెచ్చుకున్నా ఇదే నియమం వర్తిస్తుంది కనుక, తూటాల పెట్టె కొనే ముందే లైసెన్సు చేతిలో ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ ప్రత్యేక నిషేధం లేదు.

కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ శిక్షణ పూర్తి చేసినట్టు చూపితేనే లైసెన్సు ఇస్తారు. ఎల్క్‌కు వాడే రైఫిల్ కనీసం .24 కాలిబర్ (గొట్టం రంధ్రం వెడల్పు సుమారు 0.24 అంగుళం) ఉండాలి. బుల్లెట్ 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, తగిలినప్పుడు విచ్చుకునే రకమై ఉండాలి, వంద గజాల దగ్గర కనీసం 1,000 అడుగు-పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. గమనించండి, చట్టం ఎక్కడా ప్రీమియం అడగలేదు, విచ్చుకోవడం మాత్రమే అడిగింది. పూర్తి లోహపు తొడుగు ఉన్న సైనిక తరహా బుల్లెట్లు ఈ నియమంతోనే పక్కకు పోతాయి. కాలిఫోర్నియాలో మాత్రం ఈ చర్చకే తావు లేదు. 2013లో చేసిన చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చిన 2019 జులై 1 నుంచి అక్కడ ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి.

మొదటి అడుగు: జంతువును అర్థం చేసుకోవడం

రాకీ పర్వతాల్లో పెరిగిన మగ ఎల్క్ మూడు వందల కిలోలు తూగుతుంది, కొన్ని అంతకు మించుతాయి. ఆడది రెండు వందల ఇరవై కిలోల దగ్గర ఉంటుంది. పసిఫిక్ తీరపు అడవుల్లో ఉండే రూజ్‌వెల్ట్ ఎల్క్ ఇంకా భారీగా ఉంటుంది. నల్లమలలోనో గోదావరి అడవుల్లోనో కణుజును చూసినవారు, దానికంటే బాగా బరువైన జంతువును ఊహించుకుంటే ఎల్క్ ఆకారం అందుతుంది. జింకలకు సరిపోయిన బుల్లెట్ ఎల్క్ దగ్గర ఎందుకు తడబడుతుందో దాని జబ్బను చూస్తే తెలుస్తుంది. దట్టమైన వెంట్రుక, మందపాటి తోలు, వాటి కింద అరచేతి మందానికి మించిన కండ, ఆ కండలో కదిలే బలమైన జబ్బ ఎముక, దాని వెనుక పక్కటెముక దాటాక గానీ ఊపిరితిత్తులు రావు. ఇవన్నీ దాటాక బుల్లెట్ ఇంకా సగం దారిలోనే ఉంటుంది, ఎందుకంటే అది అవతలి ఊపిరితిత్తిని కూడా చీల్చాలి.

ఎల్క్‌కు ప్రాణం గట్టిది. రెండు ఊపిరితిత్తులకూ చిల్లు పడిన తర్వాత కూడా అది ఏమీ జరగనట్టు నిలబడి, తర్వాత వంద గజాలు నడిచి చెట్ల గుంపులో పడిపోవచ్చు. కొండవాలులో, చీకటి ముసిరిన ఫర్ చెట్ల మధ్య దాన్ని వెతకడానికి నెత్తుటి జాడే ఆధారం. బుల్లెట్ అవతలి పక్క నుంచి కూడా బయటికి వస్తే జాడ స్పష్టంగా పడుతుంది. లోపలే ఆగిపోతే దట్టమైన బొచ్చు రక్తాన్ని పీల్చేసుకుంటుంది. లోతుగా దిగే బుల్లెట్‌కు విలువ ఇక్కడే ఉంది.

రెండో అడుగు: తాకే వేగం లెక్కగట్టడం

తూటాల పెట్టె వెనుక సాధారణంగా ఒక చిన్న పట్టిక ఉంటుంది. గొట్టం కొస దగ్గర, వంద, రెండు వందలు, మూడు వందల గజాల దగ్గర వేగం, శక్తి ఎంతో అందులో రాస్తారు. చాలామంది శక్తి గడి చూసి పెట్టె పక్కన పెట్టేస్తారు. మీరు వేగం గడి చూడండి. మామూలు సీసపు బుల్లెట్ సక్రమంగా విచ్చుకుని, ముక్కలైపోకుండా ఉండే వేగానికి ఒక పై హద్దు, ఒక కింది హద్దు ఉంటాయి. స్థూలంగా సెకనుకు 1,800 అడుగులకు తగ్గితే అది సరిగా విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసి పోవచ్చు. 2,700, 2,800 అడుగులు దాటిన వేగంతో ఎముకను తాకితే పై పొరల్లోనే చిట్లిపోవచ్చు. ఈ అంకెలు ఒక్కో బుల్లెట్‌కు కొంచెం అటూఇటూగా మారతాయి గానీ ఎంపికకు ఇవి చాలు.

ఉదాహరణకు .30-06 రైఫిల్‌ను తీసుకోండి. అందులో 180 గ్రెయిన్ల బుల్లెట్ సుమారు 2,700 అడుగుల వేగంతో బయలుదేరి, రెండు వందల గజాల దగ్గర 2,250, 2,300 మధ్యకు, మూడు వందల దగ్గర సుమారు 2,050కి తగ్గుతుంది. అంటే ఎల్క్ నిలబడే మామూలు దూరాలన్నిటిలోనూ ఈ బుల్లెట్ తన హద్దుల మధ్యే ఉంటుంది. వంద ఏళ్లకు పైగా ఈ తూటా మామూలు బుల్లెట్లతోనే ఎల్క్ వేటలో పేరు నిలుపుకోవడానికి ఇదే కారణం.

ఇప్పుడు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ చూడండి. మాగ్నమ్ అంటే మందు ఎక్కువ పట్టి, బుల్లెట్‌ను మరింత వేగంగా తోసే రకం. అదే 180 గ్రెయిన్ల బుల్లెట్‌ను అది 2,960 అడుగుల దాకా తోస్తుంది. పెద్ద తుపాకీ కాబట్టి ఏ బుల్లెట్ అయినా చాలునని అనుకునేవారు ఇక్కడే పొరపడుతున్నారు. యాభై గజాల దూరంలో చెట్ల చాటు నుంచి ఎల్క్ బయటికి వస్తే, బుల్లెట్ దాని జబ్బను 2,850 అడుగుల వేగంతో తాకుతుంది. మెత్తని సీసం ఆ దెబ్బకు ముక్కలై, పైపైన భయంకరంగా కనిపించే గాయం చేసి, ఊపిరితిత్తుల దాకా చేరకుండా ఆగిపోయే ప్రమాదం ఉంది. తుపాకీ బలం పెరిగేకొద్దీ గట్టి బుల్లెట్ అవసరం పెరుగుతుందన్నది ఈ మొత్తం విషయంలో జనం అంత సులువుగా నమ్మని వాస్తవం.

చిన్న తుపాకీ సమస్య వేరు. 6.5 క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్ల బుల్లెట్ 2,700 అడుగుల వేగంతో మొదలై, మూడు వందల గజాల దగ్గర 2,200 పైచిలుకు వేగంతో, సుమారు 1,550 అడుగు-పౌండ్ల శక్తితో ఉంటుంది. ఎల్క్‌కు 1,500 అడుగు-పౌండ్లు ఉండాలన్నది వేటగాళ్లు పాటించే మోటు లెక్క. అది చట్టం కాదు, శాస్త్రమూ కాదు గానీ, మూడు వందల గజాలు దాటాక ఈ తుపాకీతో ఆలోచించుకోవాలని చెప్పడానికి పనికొస్తుంది. బుల్లెట్ తేలికైనప్పుడు దాని బరువులో సగం దారిలోనే పోగొట్టుకుంటే మిగిలేది లోతుకు దిగదు. కాబట్టి .243, 6.5, .270 వంటి తుపాకులతో వెళ్లేవారు బరువు నిలుపుకునే బుల్లెట్‌నే ఎంచుకోవాలి.

మూడో అడుగు: బుల్లెట్ లోపల ఏముందో తెలుసుకోవడం

ఖరీదు వేరు, దృఢత్వం వేరు. ఈ ఒక్క మాట గుర్తుంటే దుకాణంలో సగం గందరగోళం పోతుంది.

మామూలు బుల్లెట్‌లో సీసపు గుండె, దాని చుట్టూ పలుచని రాగి మిశ్రమపు తొడుగు ఉంటాయి. కొసన సీసం బయటికి కనిపిస్తుంది లేదా ప్లాస్టిక్ మొన ఉంటుంది. తగిలినప్పుడు ముందు భాగం వెనక్కి మడుచుకుని పుట్టగొడుగు ఆకారం తీసుకుంటుంది. ఆ క్రమంలో సీసం తొడుగు నుంచి విడిపోయే అవకాశం ఉంది. రెమింగ్టన్ 1939లో తెచ్చిన కోర్-లాక్ట్, హార్నడీ ఇంటర్‌లాక్ వంటివి తొడుగును కొన్ని చోట్ల మందంగా చేసి, లోపల పట్టు ఏర్పాటు చేసి, ఈ విడిపోవడాన్ని కొంతవరకు అదుపు చేశాయి. ఇవి సాధారణంగా తమ బరువులో సగానికి కొంచెం పైగా నిలుపుకుంటాయి. చవకైనవే అయినా వీటిని తక్కువగా చూడకూడదు.

ప్రీమియం బుల్లెట్ల చరిత్ర ఒక విఫలమైన వేటతో మొదలైంది. 1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ (ఎల్క్ కంటే పెద్ద జింక జాతి జంతువు) వేటకు వెళ్లినప్పుడు, .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ నుంచి వెళ్లిన మామూలు బుల్లెట్లు బురద పట్టిన ఆ జంతువు తోలు మీద, జబ్బ మీద చిట్లిపోయి లోతుకు దిగలేదు. సమస్య పైన చెప్పిన మాగ్నమ్ సమస్యే. ఆయన దానికి కనిపెట్టిన పరిష్కారం పార్టిషన్ బుల్లెట్. దాన్ని నిలువునా కోసి చూస్తే, రాగి తొడుగు మధ్యలో అడ్డగోడ ఉండి, దాని ముందు ఒక సీసపు గది, వెనుక ఒక సీసపు గది కనిపిస్తాయి. ముందు గది విచ్చుకుని చిట్లిపోయినా, వెనుక గది గోడ చాటున చెక్కుచెదరకుండా ముందుకు సాగుతుంది. బరువులో సుమారు మూడింట రెండు వంతులు మిగులుతుంది, ఆ మిగిలింది నమ్మకంగా మిగులుతుంది. ఇప్పటికీ ఎల్క్‌కు ఒకే ఒక్క బుల్లెట్ చెప్పమంటే నేను ముందుగా తలచుకునేది దీన్నే.

తర్వాతి రకం బాండెడ్. ఇందులో సీసాన్ని తొడుగుకు అతుక్కుపోయేలా చేస్తారు కాబట్టి రెండూ విడిపోవు. నోస్లర్ అక్యూబాండ్, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ ఈ కోవలోవి. ఎ-ఫ్రేమ్‌లో అడ్డగోడ కూడా ఉంటుంది. ఫెడరల్ ఫ్యూజన్ కూడా బాండెడ్ రకమే అయినా దాని ధర మామూలు పెట్టెకు దగ్గరగా ఉంటుంది. డబ్బు చూసుకోవలసినవారు ముందు దీన్ని పరిశీలించాలి.

మూడోది పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్. బార్న్స్ సంస్థ 1989లో తెచ్చిన ఎక్స్ బుల్లెట్‌తో ఈ రకం ప్రచారంలోకి వచ్చింది. కొసన ఉన్న గుంట వల్ల అది నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు మొత్తం నిలుస్తుంది. దీనికి రెండు షరతులున్నాయి. రాగి గట్టిది కాబట్టి విచ్చుకోవడానికి వేగం కావాలి. సెకనుకు 2,000 అడుగులకు తగ్గే దూరంలో చాలా రాగి బుల్లెట్లను నేను నమ్మను. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువున్న బుల్లెట్ పొడవుగా తయారై, బుల్లెట్‌ను గిరగిరా తిప్పే గొట్టం లోపలి మెలి గాడులకు సరిపోకపోవచ్చు. అందుకే రాగికి మారేవారు ఒక మెట్టు తేలికైనది తీసుకోవాలి. .30-06లో 180 గ్రెయిన్ల సీసం వాడేవారికి 165 లేదా 168 గ్రెయిన్ల రాగి చక్కగా సరిపోతుంది, వేగం కూడా కలిసివస్తుంది.

ఇక జాగ్రత్త పడవలసిన రకం ఒకటుంది. హార్నడీ ఇఎల్‌డి-ఎక్స్, బెర్గర్ వంటి దూరపు గురి బుల్లెట్లు ఖరీదైనవే, గురికి పేరున్నవే. కానీ అవి దూరాన వేగం తగ్గాక కూడా విచ్చుకునేలా మెత్తగా చేసినవి. మాగ్నమ్‌తో దగ్గర నుంచి జబ్బ ఎముక మీద కాల్చడానికి అవి తగవు. ధర చూసి ఇది గట్టిదని భ్రమపడితే 1946 నాటి సమస్యే ఎదురవుతుంది.

నాలుగో అడుగు: మీ పెట్టెను తేల్చుకోవడం

.308, .30-06 వంటి మధ్యస్థ రైఫిల్‌తో, 165 నుంచి 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో, రెండు వందల యాభై గజాల లోపు, జంతువు అడ్డంగా నిలబడినప్పుడే కాలుస్తానన్న నిగ్రహం మీకుంటే మామూలు బుల్లెట్ చాలు. మిగిలిన డబ్బుతో అదే తూటాల పెట్టెలు మరికొన్ని కొని సాధన చేయండి. ఎల్క్ వేటలో అంతకంటే లాభసాటి ఖర్చు నాకు తెలియదు. మాగ్నమ్ వాడేవారు దగ్గర దూరంలో కాల్చే అవకాశం ఉన్న అడవిలో తిరిగేటట్లయితే పార్టిషన్, బాండెడ్, రాగి రకాల్లో ఒకటి తీసుకోవాలి. చిన్న కాలిబర్ వాడేవారూ అంతే. ఎదురుగా కొంచెం ఏటవాలుగా నిలబడిన ఎల్క్‌ను కూడా కాల్చాలనుకునేవారు, తుపాకీ ఏదైనా గట్టి బుల్లెట్‌కే వెళ్లాలి.

డబ్బు లెక్క కూడా చెప్పుకోవాలి. కొలరాడోలో బయటి రాష్ట్రంవారికి ఎల్క్ లైసెన్సే సుమారు ఎనిమిది వందల డాలర్లు. దారి ఖర్చులు, సెలవులు వేరు. వేటలో కాల్చేది ఒకటో రెండో తూటాలు. రెండు పెట్టెల మధ్య తేడా ఆ మొత్తం ముందు చిన్నదే. కాబట్టి సందేహంలో ఉండిపోయినవారు గట్టి బుల్లెట్ వైపు మొగ్గడంలో తప్పు లేదు. ఆ అదనపు ఖర్చు కోసం సాధనను తగ్గించుకోకూడదన్నదే నా పట్టు.

మాంసం తినే ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే లెక్క మారుతుంది. మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ 2008లో గొర్రెల కళేబరాలపై జరిపిన పరీక్షల్లో, వేగంగా విచ్చుకునే సీసపు బుల్లెట్ల నుంచి కంటికి కనిపించనంత చిన్న రేణువులు గాయానికి చాలా దూరం వరకు వెదజల్లబడినట్టు తేలింది. రాగి బుల్లెట్లు మాంసంలో సీసాన్ని వదలలేదు. అలాంటి ఇళ్లకు నేను రాగినే సూచిస్తాను. పేగులు వదిలేసిన చోట వాలే గద్దలకు, రాబందులకు కూడా అది మేలు. కాండర్ రాబందులు తిరిగే ప్రాంతాల్లో వేటాడేవారికి ఆరిజోనా 2005 నుంచి సీసం లేని తూటాలను ఉచితంగా ఇస్తున్నది కూడా ఇందుకే.

ఐదో అడుగు: మీ రైఫిల్‌లో పరీక్షించడం

ఎంత మంచి బుల్లెట్ అయినా మీ గొట్టానికి నచ్చకపోవచ్చు. రెండు మూడు రకాలు తీసుకుని, కొత్త రకానికి మారే ముందు గొట్టాన్ని శుభ్రం చేసి, వంద గజాల దగ్గర మూడేసి తూటాలు కాల్చి చూడండి. రాగి బుల్లెట్లు వాడేటప్పుడు శుభ్రం చేయడం మరీ ముఖ్యం. ఆ మూడు రంధ్రాలూ అంగుళంన్నర లోపు పడితే ఎల్క్‌కు చాలు. అంతకంటే బిగువైన గురి కోసం రోజులు పోగొట్టుకోనక్కరలేదు.

తర్వాత రెండు వందల గజాలకు గురి సరిచేయండి. .30-06లో 180 గ్రెయిన్ల బుల్లెట్ అప్పుడు వంద గజాల దగ్గర రెండు అంగుళాలు పైకి, మూడు వందల దగ్గర ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కిందికి తగులుతుంది. చవక తూటాలతో సాధన చేసి, వేటకు ఖరీదైనవి వాడాలనుకుంటే, రెండూ ఒకేచోట తగులుతాయని అనుకోవద్దు. చివరి సర్దుబాటు వేటకు తీసుకెళ్లే తూటాలతోనే చేయాలి. ఆ తర్వాత తుపాకీ ఆనించి కాల్చే బల్లను వదిలిపెట్టి, కూర్చుని, మోకాలి మీద, కర్రల ఆసరాతో కాల్చండి. ఎనిమిది అంగుళాల పళ్లెంలో ప్రతి తూటా పడే దూరం ఎంతో అదే మీ హద్దు. పెట్టె మీద రాసిన దూరం మీది కాదు. కొండ మీద శిబిరానికి చేరాక ఒకసారి గురి మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే ప్రయాణంలో స్కోప్ కదులుతుంది, ఎత్తులో గాలి పలుచబడుతుంది.

ఆరో అడుగు: కోణం చూసి కాల్చడం, లేదా కాల్చకపోవడం

జంతువు పూర్తిగా అడ్డంగా నిలబడితే, ముందు కాలు వెనుక అంచు వెంట పైకి వెళ్లి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురి పెట్టండి. రెండు ఊపిరితిత్తులూ అక్కడే దొరుకుతాయి, మామూలు బుల్లెట్‌కు పెద్ద ఎముక అడ్డం రాదు. తల అవతలికి తిప్పి ఏటవాలుగా నిలబడితే, అవతలి జబ్బ దగ్గర బయటికి రావాలని ఊహించుకుని గురిని వెనక్కి జరపాలి. అప్పుడు బుల్లెట్ పొట్ట అంచు నుంచి ఎక్కువ దూరం ప్రయాణించాలి కాబట్టి గట్టి బుల్లెట్ విలువ ఇక్కడ కనిపిస్తుంది. తల మీ వైపు తిప్పి ఏటవాలుగా ఉంటే జబ్బ ఎముక నేరుగా దారికి అడ్డం. మామూలు బుల్లెట్ ఉన్నవారు ఆగాలి. మీకు వెనుక భాగం చూపిస్తూ పరుగెత్తిపోతున్న ఎల్క్‌ను ఏ బుల్లెట్‌తోనూ కాల్చకూడదు. మంచి బుల్లెట్ మంచి కోణానికి ప్రత్యామ్నాయం కానేరదు.

మొదటి తూటా తగిలిందని సంబరపడి తుపాకీ దించకండి. వెంటనే మళ్లీ నింపి, ఎల్క్ నిలబడి ఉన్నంతసేపూ, వెనుక మనుషులు గానీ ఇతర జంతువులు గానీ లేరని చూసుకుని కాలుస్తూనే ఉండాలి.

ఏడో అడుగు: పడిన తర్వాత

జంతువు కనుమరుగైతే అది చివరిసారి నిలబడిన చోటును గుర్తు పెట్టుకుని, తొందరపడకుండా ఆగండి. లేత ఎరుపులో నురగ కలిసిన రక్తం ఊపిరితిత్తిని సూచిస్తుంది. అరగంట ఆగితే చాలు. ముదురు రక్తం కనిపిస్తే కాలేయం కావచ్చు, మూడు నాలుగు గంటలు వేచి ఉండాలి. ఆకుపచ్చని మేత కలిసి దుర్వాసన వస్తే పొట్ట తగిలినట్టు. ఎనిమిది గంటలైనా వదిలిపెట్టి, ఆ తర్వాత జాడ పట్టాలి. వానో మంచో జాడను చెరిపేసే పరిస్థితి ఉంటే ఈ గడువులు కుదించుకోక తప్పదు. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం కొలరాడోలో నేరం.

మాంసం కోసేటప్పుడు గాయం చుట్టూ రక్తం చిమ్మిన కండను ధారాళంగా కోసి పారేయండి. సీసపు బుల్లెట్ వాడితే మరింత విశాలంగా కోయాలి, జబ్బ దగ్గరి ముక్కలను కీమాకు కలపకూడదు. అవతలి తోలు కింద బుల్లెట్ దొరికితే దాన్ని కడిగి తూకం వేసి, తాకిన దూరం, దాటిన ఎముక, మిగిలిన బరువు రాసి పెట్టుకోండి. సగం బరువే మిగిలినా రెండు ఊపిరితిత్తులనూ దాటి ఉంటే అది తన పని చేసినట్టే, రకం మార్చనక్కరలేదు. ఇవతలి ఊపిరితిత్తి దగ్గరే ముక్కలై ఆగిపోయి ఉంటే మాత్రం వచ్చే ఏడాదికి ఆ తుపాకీలో ఆ బుల్లెట్ వాడవద్దు.